లోక్‌సభ ఎన్నికల్లో ఓటరుకు నిజంగా ముఖ్యమైన విధానాంశాలు ఏవి?

ఉపాధి, ధరలు అన్నవే నా సమాధానం. 2024 లోక్‌సభ ఎన్నికలకు ముందు లోక్‌నీతి–సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థ జరిపిన సర్వేలో, అన్నిటికంటే ముఖ్యమైన సమస్య ఏదని అడిగినప్పుడు 27 శాతం మంది నిరుద్యోగమనీ, 23 శాతం మంది ధరల పెరుగుదల అనీ చెప్పగా, రామమందిరాన్ని పేర్కొన్నవారు వారికంటే చాలా తక్కువ; అయోధ్య ఉన్న ఫైజాబాద్ స్థానంలోనే భాజపా ఓడిపోయింది.

అయితే సమస్యను గుర్తించడం వేరు, దాన్నిబట్టి ఓటు వేయడం వేరు. ఇంట్లో చదువుకున్న కొడుకు ఖాళీగా ఉన్నా, ఎదుటి పార్టీ ఉద్యోగాలు ఇవ్వగలదన్న నమ్మకం కుదరనప్పుడు, నెలనెలా అందే ఉచిత బియ్యానికో, అభ్యర్థి కులానికో ఓటరు మొగ్గవచ్చు. ఆ మొగ్గును అజ్ఞానమని కొట్టిపారేయడం అన్యాయం. ధరల భారం మాత్రం ప్రతి వంటింటినీ తాకుతుంది కాబట్టే, 1980 ఎన్నికల్లో ఇందిరాగాంధీ ఉల్లి ధరను ప్రచారాంశంగా చేసుకున్నారు.