క్రెడిట్ కార్డుకు ఆవర్జాలో ఒక పేజీ

ప్రశ్న: మాది ఆత్రేయపురం. ఆరేళ్లుగా ఇంట్లోనే పూతరేకులు చుట్టించి అమ్ముతున్నాం. నెయ్యి, అట్టపెట్టెలు, హైదరాబాద్, బెంగళూరు పార్సిళ్ల కొరియర్ ఛార్జీలకు నా క్రెడిట్ కార్డు వాడతాను. ఇంటి సామాను కూడా అప్పుడప్పుడు దాని మీదే కొంటాను. లెక్కలు నేనే రాస్తాను. నిరుడు అమ్మకం 18 లక్షలు దాటినా పుస్తకంలో లాభం 70 వేలే తేలింది. ముద్ర రుణం కోసం వెళితే, ఇంత తక్కువ లాభం మీద ఎలా ఇస్తామని బ్యాంకులో అడిగారు. కార్డు బిల్లులు ఎలా రాయాలో చెప్పండి. చిట్టా (రోజువారీ పద్దుల పుస్తకం) నకలు, పన్నెండు స్టేట్‌మెంట్లు పంపుతున్నాను.

జవాబు: అమ్మా, మీ చిట్టా, స్టేట్‌మెంట్లు పక్కపక్కన పెట్టుకుని చూశాను. మీ వ్యాపారం బాగానే నడుస్తోంది. ఒకే కొనుగోలును మీరు రెండుసార్లు ఖర్చు రాస్తున్నారు. లాభం అక్కడ కరిగిపోతోంది.

ఫిబ్రవరి నెల చూడండి. నెయ్యి 24,000, అట్టపెట్టెలు 9,500, కొరియర్ 6,500. ఈ మూడింటినీ కొన్న రోజునే చిట్టాలో ఖర్చు రాశారు. అది సరైన పద్ధతే. ఆ తర్వాత మార్చి 5న ‘కార్డు బిల్లు 48,000’ అని మళ్లీ ఖర్చు రాశారు. అందులో 40,000 అప్పటికే రాసిన సరుకు డబ్బు. మిగిలిన 8,000 మీ ఇంటి సామానుది. దానికి వ్యాపారంతో సంబంధమే లేదు. అంటే ఆ ఒక్క వరుస వల్ల 48,000 లాభం పుస్తకంలో కనబడకుండా పోయింది. రేకులు తీసే ఆడవాళ్లకు మీరిచ్చే డబ్బు నగదు కాబట్టి ఒక్కసారే రాశారు, అక్కడ ఏ తేడా రాలేదు.

ఈ పొరపాటుకు మన చిట్టా భాష కూడా కొంత కారణం. చిట్టాలో జమ వైపు, ఖర్చు వైపు అని రెండు వైపులు ఉంటాయి. చేతిలోంచి వెళ్లిన ప్రతి రూపాయినీ ఖర్చు వైపే రాస్తాం. చేబదులు తీర్చినా, బ్యాంకు వాయిదా కట్టినా అటువైపే పడుతుంది. లాభనష్టాల లెక్కలో ఖర్చు అంటే అర్థం వేరు. సరుకో, పనో వ్యాపారంలో వాడుకున్నందుకు అయ్యేదే అక్కడ ఖర్చు. అప్పు తీర్చడం ఆ లెక్కలోకి రాదు. ఒకే మాటకు రెండు అర్థాలు ఉండటంతో, ఏళ్ల తరబడి లెక్కలు రాసినవారు కూడా ఇక్కడ తడబడటం నేను చూశాను.

కార్డు లేని రోజుల్లో ఏం చేసేవారో గుర్తు చేసుకోండి. రావులపాలెంలో కిరాణా షావుకారు దగ్గర పంచదార అరువు తెస్తే, ఆవర్జాలో, అంటే ఒక్కో ఖాతాకు ఒక్కో పేజీ ఉండే పుస్తకంలో, ఆయన పేరున ఒక పేజీ ఉండేది. సరుకు వచ్చిన రోజు ఆ పేజీలో బాకీ పెరిగేది, డబ్బు ఇచ్చిన రోజు తగ్గేది. పంచదార ఖర్చు మాత్రం సరుకు వచ్చిన రోజునే, ఒక్కసారే పడేది. క్రెడిట్ కార్డును కూడా అలాంటి షావుకారుగానే చూడండి. ఆవర్జాలో ‘క్రెడిట్ కార్డు ఖాతా’ అని ఒక పేజీ తెరవండి.

ఈ పద్దుల్లో డబ్బు ఏ ఖాతాలోంచి వస్తే దానికి జమ (క్రెడిట్), ఏ ఖాతాకు వెళితే దానికి ఖర్చు (డెబిట్). నెయ్యి కొన్న రోజు నెయ్యి ఖాతాలో 24,000 ఖర్చు, కార్డు ఖాతాలో 24,000 జమ. ఇంటి సామాను కొంటే అదే రోజు ‘సొంత వాడకం’ ఖాతాలో 8,000 ఖర్చు, కార్డు ఖాతాలో 8,000 జమ. సొంత వాడకం మీ పెట్టుబడిలోంచి తగ్గుతుంది, లాభాన్ని ముట్టుకోదు. బిల్లు కట్టిన రోజు కార్డు ఖాతాలో 48,000 ఖర్చు, బ్యాంకు ఖాతాలో 48,000 జమ. ఆ రోజు నెయ్యి పేజీనీ, కొరియర్ పేజీనీ తెరవనవసరం లేదు.

బిల్లు కట్టే రోజు కొత్తగా ఖర్చు రాయాల్సినవి వడ్డీ, ఆలస్య రుసుము, వార్షిక రుసుము, వాటి మీద 18 శాతం జీఎస్టీ మాత్రమే. మీ స్టేట్‌మెంట్లలో ఇవి ఏడాదికి 8,000 ఉన్నాయి, నాకు బాధ కలిగించింది ఈ అంకె. దసరాకు ముందు రెండు నెలలు కనీస మొత్తమే కట్టారు. అలా కడితే మిగిలిన బాకీ మీదే కాదు, ఆ తర్వాత కొన్న ప్రతి వస్తువు మీదా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. మీ కార్డు మీద అది నెలకు 3.5 శాతం, అంటే ఏడాదికి 42 శాతం. ముద్ర రుణం వడ్డీ దీని దరిదాపుల్లో కూడా ఉండదు. రుణం వస్తే, కార్డు మీద పాత బాకీ ఏమైనా ఉంటే ముందు దాన్ని తీర్చేయండి.

ఇక నిరుటి లెక్క. కట్టిన బిల్లులు మొత్తం 4,10,000. అందులో ముందే ఖర్చు రాసిన సరుకు 3,30,000, ఇంటివి 72,000, వడ్డీ, రుసుములు 8,000. మొదటి రెండూ కలిపి 4,02,000 తీసేస్తే మీ లాభం 70,000 కాదు, 4,72,000. వడ్డీలో ఇంటి కొనుగోళ్ల వాటాను కూడా వేరు చేస్తే ఇంకాస్త పెరుగుతుంది. పాత పేజీలను కొట్టివేయవద్దు. ‘కార్డు బిల్లు’ అని రాసిన ప్రతి వరుసకూ సవరణ పద్దు రాసి, సరుకు డబ్బును కార్డు ఖాతాకు, ఇంటి సామాను డబ్బును సొంత వాడకం ఖాతాకు మార్చండి. వడ్డీ, రుసుములను ఖర్చుగానే ఉంచండి. నిరుటి రిటర్ను ఇప్పటికే దాఖలు చేసి ఉంటే సవరించడానికి గడువు ఉంటుంది, ఈ వారమే ఆడిటర్‌ను కలవండి.

నెలాఖరున కార్డు ఖాతా నిల్వను స్టేట్‌మెంటుతో సరిచూడాలి. మీ స్టేట్‌మెంటు 18వ తేదీకి ముగుస్తుంది కాబట్టి రెండూ నేరుగా కలవవు. 19 నుంచి నెలాఖరు దాకా కొన్నవి స్టేట్‌మెంటు బాకీకి కలిపి, ఆ మధ్యలో కట్టింది తీసేస్తే మీ పుస్తకంలోని అంకె రావాలి. మార్చి 31న మిగిలిన బాకీని ఆస్తి అప్పుల పట్టీలో అప్పుగా చూపించండి.

సరుకు బిల్లులు దాచుకోండి. ఏం కొన్నారో స్టేట్‌మెంటు చెప్పదు, ఎక్కడ ఎంత చెల్లించారో మాత్రమే చెబుతుంది. అయినా నెయ్యికి కార్డు వాడటం మానవద్దు. ఒకరికి ఒకే రోజు 10,000 దాటి నగదు ఇస్తే ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చును ఒప్పుకోరు. కార్డు చెల్లింపుకు ఆ చిక్కు లేదు. ఇంటికి మాత్రం వేరే కార్డు పెట్టుకోండి.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. హైదరాబాద్, బెంగళూరుకు పార్సిళ్లు పంపుతున్నామన్నారు. జీఎస్టీ నమోదుకు మన రాష్ట్రంలో సరుకు అమ్మేవారికి ఉన్న 40 లక్షల పరిమితి, రాష్ట్రం దాటి అమ్మేవారికి వర్తించదు. అమ్మకం ఎంత తక్కువైనా నమోదు కావాల్సిందే. మీకు జీఎస్టీ నంబరు లేకపోతే ఆడిటర్ దగ్గర మొదట ఈ సంగతే అడగండి. నంబరు ఉంటే, నెయ్యి బిల్లు మీద అది వేయించుకోండి. అప్పుడే ఆ పన్ను మీకు తిరిగి కలిసివస్తుంది.

బ్యాంకుకు మళ్లీ వెళ్లేటప్పుడు సవరించిన లాభనష్టాల పట్టీ, పన్నెండు స్టేట్‌మెంట్లు, సవరణ పద్దుల పేజీ మూడూ తీసుకువెళ్లండి. లాభం 70 వేల నుంచి 4,72,000కు ఎలా మారిందో వారు తప్పకుండా అడుగుతారు, ఫిబ్రవరి నెల లెక్క విప్పి చూపించండి. సరిచూసేటప్పుడు ఏ నెలలోనైనా తేడా మిగిలిపోతే ఆ నెల పేజీలు నాకు పంపండి, చూస్తాను.