కిటికీ మార్చాలా, బాగు చేయించాలా?

కిటికీల మీద వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వానాకాలం రాయించినవే. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మాది 1994లో కట్టిన డాబా. మొత్తం పదకొండు టేకు కిటికీలు. వానలు మొదలైతే రెక్కలు పట్టేసి ఒక పట్టాన మూసుకోవు. వంటింటి వైపు రెండింటికి కింద చెక్క మెత్తబడింది. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీల షాపు వాళ్లు వచ్చి చూసి అన్నీ పీకించేయమంటున్నారు. మావారేమో టేకు మీద చెయ్యి వేయొద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: తొమ్మిదింటి విషయంలో మీవారి మాటే వినండి. మిగతా రెండింటి సంగతి చూసి తేల్చాలి.

రెక్క పాడైతే రెక్క, బందు పోతే బందు మార్చుకోవచ్చు. ఫ్రేము పోతేనే కిటికీ పోయినట్టు లెక్క. కాబట్టి చూడాల్సింది ఫ్రేమునే. వాన లేకుండా నాలుగైదు రోజులు ఆరాక సన్నటి స్క్రూడ్రైవరుతో ఫ్రేము కింది రెండు మూలలు, కింది అడ్డచెక్క, గోడకు ఆనుకున్న అంచు పొడిచి చూడండి. మొన మూడు నాలుగు మిల్లీమీటర్లు దిగి గట్టి చెక్కకు తగిలితే అది పైపై దెబ్బే. పెద్దగా బలం పెట్టకుండానే అంగుళం దాకా దిగి, అదీ జానెడు పొడవునా అలాగే ఉంటే ఆ ముక్క పనికిరాదు. తర్వాత టేపుతో మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి. నాలుగడుగుల కిటికీలో రెండు కొలతలకూ తేడా సెంటీమీటరు దాటితే ఫ్రేము ఒరిగినట్టు. రెక్కను ఎంత చెక్కించినా అది మళ్లీ మళ్లీ పడుతుంది.

రెక్కలు పట్టేయడానికి అసలు కారణం చాలా ఇళ్లలో ఒకటే: రెక్క కింది అంచుకు, పై అంచుకు రంగు వేయకపోవడం. పెయింటరు రెక్కను ఊడదీయకుండా కనిపించినంత మేరకే వేస్తాడు. రంగు లేని ఆ అంచులే నీళ్లు తాగుతాయి. చెక్క నిలువునా పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. జులైలో వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టిస్తే ఏప్రిల్ నాటికి రెక్కకూ ఫ్రేముకూ మధ్య వేలు దూరేంత సందు పడుతుంది. ఇప్పటికి కొవ్వొత్తి రుద్ది సర్దుకోండి. ఫిబ్రవరి, మార్చిలో రెక్కలు ఊడదీయించి, చుట్టూ రూపాయి బిళ్ల దూరేంత ఖాళీ ఉండేలా చిత్రిక పట్టించి, ఆరు ముఖాలకూ ప్రైమరు, దాని మీద రెండు కోట్లు ఎనామిల్ వేయించండి. పని అయ్యాక కింది అంచు మీద వేలు పెట్టి చూడండి. పెయింటరు ఈసారి కూడా ఎగ్గొట్టేది అక్కడే.

కొన్ని రెక్కలు పట్టేసేది ఉబ్బడం వల్ల కాదు, బందు దగ్గర కిందికి జారడం వల్ల. రెక్కను చేత్తో కొంచెం పైకెత్తితే సాఫీగా పడుతోందంటే లోపం స్క్రూ రంధ్రాల్లోనే. ఆ రంధ్రాల్లో టేకు పుల్ల జిగురుతో దిగ్గొట్టించి, పైభాగం కోసేసి, అదే చోట స్క్రూలు మళ్లీ బిగిస్తే సరిపోతుంది.

ఇక వంటింటి వైపు రెండు కిటికీలు. కింది అడ్డచెక్క ఒక్కటే పోతే దాన్ని మాత్రం కోసి కొత్తది అతికించే పని మంచి వడ్రంగికి తెలుసు. మామూలు ఫెవికాల్, రంపపు పొట్టు కలిపి పూడ్చనివ్వకండి, అది తడికి నానిపోతుంది. చిన్న గుంటలకు ఎపాక్సీ ముద్ద, అతుకులకు మెరైన్ రకం జిగురు వాడాలి. నిలువు చెక్కల్లో ఒకటి కూడా గుల్లయి ఉంటే ఆ కిటికీ మార్చేయండి.

అయితే చెక్కను ముట్టుకునే ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో పట్టుకోవాలి. హోస్ పైపుతో బయటి నుంచి ముందు కిటికీ కింద పది నిమిషాలు, తర్వాత పక్కలు, ఆఖరున సజ్జ మీద నీళ్లు పెట్టండి. లోపల ఒకరు నిలబడి చూడాలి. పై నుంచి మొదలుపెడితే నీళ్లు కిందికి జారి అన్నీ కారుతున్నట్టే కనిపిస్తాయి, ఏదీ తేలదు. ఎక్కువగా దొరికే తప్పులు మూడు: కిటికీ కింద దిమ్మ వాలు లోపలి వైపు ఉండటం, సజ్జ అడుగున నీటి చుక్క తెగి పడే గాడి లేకపోవడం, ఫ్రేముకూ గోడకూ మధ్య సిమెంటు చీలడం. ఇవి సరిచేయకుండా యూపీవీసీ పెట్టించినా అదే చోట అదే తడి.

ఒకవేళ కిటికీలు తీసేయాల్సి వస్తే పాత టేకును "ఎక్స్ఛేంజి" కింద అప్పగించకండి. పాత కలప దుకాణంలో విడిగా బేరమాడండి. ఇంకో ఖర్చు చాలామంది మరిచిపోతారు: మీ కిటికీల చువ్వలు ఫ్రేములోనే దిగి ఉంటాయి. ఫ్రేముతో పాటు చువ్వలూ పోతాయి, కొత్త గ్రిల్ చేయించుకోవాలి.

ప్రశ్న: పాత పెంకుటిల్లు, మట్టి గోడలు. కిటికీ కట్టెకు చెదలు పట్టింది. తీసేసి అల్యూమినియం పెట్టిస్తే పీడ పోతుందా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: పోదు. చెదలు నేల నుంచి గోడలో పడి వస్తాయి. కిటికీ తీసేస్తే దూలానికో, బట్టల అల్మరాకో పోతాయి.

ముందు అవి చెదలేనా అన్నది చూసుకోండి. గోడ మీదుగా మట్టి చారలు, కట్టెలో మట్టి కనిపిస్తే చెదలు. మట్టి ఏమీ లేకుండా గుండుసూది బెజ్జాలు, కింద పిండిలాంటి పొడి రాలుతుంటే పుచ్చు పురుగు. ఆ పురుగు తెల్లచెక్కనే తింటుంది, చేవ జోలికి రాదు. బెజ్జాల్లోకి మందు ఎక్కించి వార్నిష్ వేస్తే చాలావరకు ఆగుతుంది.

చెదలకైతే కట్టె, గోడ కలిసే చోట జానెడుకొకటి చొప్పున, కిందికి వాలుగా సన్నటి రంధ్రాలు వేసి మందు ఎక్కిస్తారు. క్లోరోపైరిఫాస్ 20 ఈసీ (20 శాతం మందున్న ద్రవం) అయితే లీటరు మందుకు 19 లీటర్ల నీళ్లు. గది లోపల గోడ మొదట్లో కూడా పట్టించాలి, లేకపోతే చేసిన పనంతా వృథా. ఇది విషం. బావి పక్కనుంటే, ఇంట్లో పసిపిల్లలుంటే సొంతంగా చేయకండి, పెస్ట్ కంట్రోల్ వాళ్లతో చేయించండి.

మీరు రాయని ఒక సంగతి మాకు కంగారు పుట్టిస్తోంది. పాత మట్టి గోడల ఇళ్లలో కిటికీ మీద కాంక్రీటు లింటెల్ (పై గోడ బరువు మోసే అడ్డదిమ్మ) ఉండదు. పైన చెక్క పలకలుంటాయి, లేదా కిటికీ ఫ్రేమే గోడ బరువు మోస్తుంటుంది. అలాంటి కట్టెను ఒక్కసారిగా లాగితే పై గోడ జారుతుంది. పైభాగం కింద అడ్డపట్టీ పెట్టి, రెండు వైపులా నిట్టాడి నిలబెట్టాకే కోయాలి. అల్యూమినియం గానీ యూపీవీసీ గానీ ఆ బరువు మోయవు, ముందు కొత్త లింటెల్ వేయించాలి. చూసి చెప్పగల తాపీ మేస్త్రి లేకుండా ఈ పని మొదలుపెట్టకండి.

ప్రశ్న: సముద్రం వైపు ఐదో అంతస్తు ఫ్లాటు. అల్యూమినియం స్లైడింగ్ కిటికీల ట్రాకులో నీళ్లు నిండి హాల్లోకి పొర్లుతున్నాయి. రెక్కలు జరపడం కూడా కష్టంగా ఉంది. పద్నాలుగేళ్లయింది.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: జరగకపోవడానికి కారణం సాధారణంగా రోలర్లు. రెక్కను పైకెత్తి కింది భాగాన్ని లోపలికి లాగితే ఊడి వస్తుంది. ఐదో అంతస్తు కాబట్టి ఇద్దరు పట్టుకోవాలి. అడుగున రెండు రోలర్లుంటాయి. అరిగిన వాటిని వెంట తీసుకెళ్లి అదే కొలతవి తెచ్చుకోండి. బేరింగ్ ఉన్న నైలాన్ చక్రాలు మేలు. ట్రాకు పట్టీ అరిగి కత్తిలా పదునెక్కి ఉంటే కొత్త రోలర్లు కూడా ఆర్నెల్లలో అరుగుతాయి.

నీళ్లకు కారణం, ట్రాకులోంచి బయటికి తీసిన నీటి రంధ్రాలు మూసుకుపోవడం. ఉప్పు, దుమ్ము పేరుకుంటాయి, లేదా పెయింటు వేసినవాళ్లు బయటి నుంచి సిమెంటు, లప్పం పూసేసి ఉంటారు. సన్నటి తీగతో పొడిచి, గ్లాసెడు నీళ్లు పోసి బయటికి పోతున్నాయో లేదో చూడండి. పోతున్నా సరే, గాలివానకు లోపలికి పొర్లుతుంటే అది ఆ కిటికీ తీరే. గాలి నెట్టుడుకు నీళ్లు బయటికి పోలేక ట్రాకులోనే పైకి లేస్తాయి, లోపలి అంచు పొట్టిగా ఉంటే దాటేస్తాయి.

ఇప్పుడు ఫ్రేము చూడండి. అల్యూమినియం మీద తెల్లటి పొడి, గుంటలు పడుతుంటే, ముఖ్యంగా మామూలు ఇనుప స్క్రూలు పెట్టిన చోట లోహం తినేసి స్క్రూ చేత్తో తిరిగిపోతుంటే, రోలర్ల మీద ఖర్చు పెట్టకండి. మార్చేయండి. మీ నగరానికి కట్టడాల గాలి ప్రమాణాల్లో రాసిన మూల వేగం సెకనుకు 50 మీటర్లు. ఎత్తు, చుట్టుపక్కల కట్టడాల సవరణలు వేయకముందే అది చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల నెట్టుడు. అంటే నాలుగడుగుల చదరపు కిటికీ మీద రెండు వందల కిలోల పైమాటే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మీ ఊళ్లో తీరం దాటినప్పుడు అద్దాలెన్ని పగిలాయో మీకు చెప్పనక్కర్లేదు. స్క్రూ పట్టు పోయిన ఫ్రేములో అద్దం నిలిచినా కిటికీ మొత్తం ఊడి రావచ్చు.

కొత్తవి పెట్టించేటప్పుడు సముద్రం వైపు స్లైడింగ్ వద్దు. రబ్బరు గ్యాస్కెట్ మీద నొక్కుకుని మూసుకునే రెక్క కిటికీ, పైన, మధ్యన, కింద మూడు చోట్ల పట్టే లాకుతో తీసుకోండి. గాలి నెట్టేకొద్దీ అది బిగుసుకునేలా రెక్క బయటికి తెరుచుకోవాలి అంటారు. లోపలికి నెట్టే గాలికి బయటికి తెరుచుకునే రెక్కే ఫ్రేముకు ఒత్తుకుంటుంది, నిజమే. కానీ తెరిచి మరిచిపోతే గాలి దాన్ని విరిచి కింద పడేస్తుంది. ఐదో అంతస్తులో ఆ లెక్కా చూసుకోండి. స్క్రూలు, బందులు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి అడగండి. 304 కూడా మీ గాలికి మచ్చలు పడుతుంది.

ప్రశ్న: పడమటి గది కొలిమిలా ఉంటోంది. డబుల్ గ్లాసు కిటికీ పెడితే చల్లబడుతుందన్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఆశించినంత కాదు. మామూలు గాజు మీద పడిన ఎండ వేడిలో దాదాపు 80 శాతం లోపలికి వస్తుంది. అదే గాజు రెండు పొరలు పెడితే 70 శాతం. సాయంత్రపు ఎండ ఏటవాలుగా వస్తుంది కాబట్టి సజ్జ కూడా ఆపలేదు. ఎండను గాజుకు బయటే ఆపాలి: వెదురు తడక, షేడ్ నెట్, బయటి బ్లైండు. లోపలి కర్టెన్ వేడిని గదిలోకి వచ్చాకే అడ్డుకుంటుంది. అయినా గాజు మార్చాలనుకుంటే పొరల సంఖ్య కాదు, గాజు సోలార్ ఫ్యాక్టరు (పడిన ఎండ వేడిలో లోపలికి వచ్చే వంతు) ఎంతో అడగండి. 0.3, 0.4 దగ్గరుంటే తేడా తెలుస్తుంది. ఆ అంకె చెప్పలేని అమ్మకందారు దగ్గర కొనకండి.

ప్రశ్న: మా ఇంటి డబుల్ గ్లాసు కిటికీల్లో రెండు అద్దాల మధ్య మసక పట్టింది, తుడిస్తే పోదు. మొత్తం మార్చడానికి వేల డాలర్లు అడుగుతున్నారు.
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఆ అద్దాల జంటకు చుట్టూ ఉండే సీలు తెగింది. ఫ్రేము గట్టిగా ఉంటే గాజు యూనిట్ ఒక్కటే మార్పించుకోవచ్చు. మధ్య పట్టీ మీద తయారీదారు పేరు, తేదీ అచ్చు వేసి ఉంటాయి. వాటితో వారంటీ మిగిలి ఉందేమో ముందు కనుక్కోండి. రంధ్రం వేసి మసక తీసేస్తామనే వాళ్లు చూపు బాగుచేస్తారు, పోయిన చలి కాపుదలను తిరిగి తేలేరు. గది వైపు అద్దం మీద చెమ్మ పడితే మాత్రం అది కిటికీ తప్పు కాదు, వంటింటి ఆవిరి. ఎగ్జాస్ట్ వేయండి.

ప్రశ్న: ఆరు యూపీవీసీ కిటికీలకు మూడు కొటేషన్లు తెచ్చాం. చదరపు అడుగు ధరల్లో చాలా తేడా ఉంది. ఏం చూసి ఎంచుకోవాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ధర ఒక్కటే రాసిన కాగితం కొటేషన్ కాదు. ప్రొఫైల్ (ఫ్రేము చేసే బోలు పట్టీ) లోపల గాల్వనైజ్డ్ ఉక్కు పట్టీ ఉందా, మందం ఎంత (1.5 మి.మీ. అడగండి), గాజు ఎన్ని మి.మీ., టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచినది) అవునా కాదా, దోమల జాలీ రెక్క ధరలో కలిసిందా, పాతవి పీకడం, గోడ పూత ఎవరివి – ఇవన్నీ రాయించండి. ధర తగ్గిన చోట సాధారణంగా తగ్గేది ఆ ఉక్కే, ఎందుకంటే అది బయటికి కనపడదు. నమూనా మూల ముక్క తెప్పించి కోత వైపు నుంచి చూడండి.

కొలతలు పూత, గ్రానైటు దిమ్మ పూర్తయ్యాకే తీసుకోవాలి. వెడల్పు మూడు చోట్ల, ఎత్తు మూడు చోట్ల కొలిచి, అన్నిట్లో చిన్నదాని నుంచి సెంటీమీటరు తగ్గిస్తారు. టఫెన్డ్ గాజును తర్వాత కోయడం కుదరదు కనుక ఇక్కడ తప్పితే మళ్లీ కొనాల్సిందే. బయటికి తెరుచుకునే రెక్క ఎంచుకుంటే గ్రిల్ లోపలికి రావాలి. ఇది ముందే చూసుకోక పాత గ్రిల్‌కు రెక్క తగిలి ఆగిపోయిన ఇళ్లు బోలెడు.

బిగించే రోజు దగ్గరుండండి. ఫ్రేము గోడకు స్క్రూలతో పట్టాలి, మూలల నుంచి జానెడు లోపల మొదలై రెండడుగులకు మించని దూరంలో. నురగ (ఫోమ్) ఒక్కదానితో అతికించి వెళ్లిపోయేవాళ్లున్నారు. నురగ సందు నింపుతుంది గానీ వానను ఆపదు, దాని మీద బయట సిలికాన్ పట్టీ పడాలి. కింది నీటి రంధ్రాలను మేస్త్రి సిమెంటుతో మూయకుండా చూడండి. ప్రొఫైల్ మీది ప్లాస్టిక్ పొర పని అవ్వగానే ఊడదీయించండి, ఎండకు కాలి అతుక్కుపోతే గీకినా రాదు. ఆఖరి పదో వంతు డబ్బు ఒక వాన చూశాక ఇస్తామని అడ్వాన్సు ఇచ్చేటప్పుడే మాట్లాడుకోండి. ఒప్పుకోకపోతే హోస్ పైపు పెట్టి వాళ్ల ఎదుటే పరీక్ష చేయించి ఇవ్వండి.