‘హృదయము క్రొవ్వినది’: వినలేకనా, విననొల్లకనా?

సందేహం: మత్తయి సువార్త 13:15లో ‘వారి హృదయము క్రొవ్వినది, వారి చెవులు వినుటకు మందములైనవి’ అని ఉంది. ‘కొవ్వెక్కింది’ అనేది తిట్టు కదా, పరిశుద్ధ గ్రంథంలోకి ఎలా వచ్చింది? దీన్ని ‘వారు వినలేకపోయారు’ అని వాడుక భాషలో చెప్పవచ్చా? ‘మీ హృదయములను కఠినపరచుకొనకుడి’ అన్నదానికి ‘గుండె రాయి చేసుకోకండి’ అంటే సరిపోతుందా?

సమాధానం: ‘క్రొవ్వినది’ తిట్టడానికి వేసిన మాట కాదు. మూలంలో ఉన్న పోలికే అది. ఈ వాక్యం పాత నిబంధనలోని యెషయా ప్రవక్త గ్రంథం 6:10 నుంచి వచ్చింది. అక్కడి హీబ్రూ ధాతువు ‘షామన్’కు కొవ్వు పట్టడమని అర్థం, నూనెను చెప్పే ‘షెమెన్’ దాని చుట్టమే. మత్తయిలోని గ్రీకు క్రియ కూడా దళసరి కావడాన్నే చెబుతుంది. కొవ్వు పొర కట్టిన గుండెకు మాట తగలదని భావం. తెలుగులో ‘క్రొవ్వు’ క్రియగా వచ్చినప్పుడు బలియడం, మదించడం రెండూ తోస్తాయి కాబట్టి పొగరు ఛాయ కాస్త అదనంగా చేరింది. సందర్భానికి అది నప్పింది కూడా. (క్రొత్త ‘కొత్త’ అయినట్టే క్రొవ్వు ‘కొవ్వు’ అయింది. ‘క్రొవ్విరి’లో మాత్రం కొవ్వు లేదు; అది క్రొత్త, విరి కలిసిన మాట.)

‘మందములు’ కూడా చక్కగా కుదిరిన మాట. హీబ్రూలో చెవులను ‘బరువెక్కించు’ అని ఉంది. ‘ఆయనకు చెవి మందం’ అంటే బొత్తిగా వినపడదని కాదు, శబ్దం చేరవలసినంతగా చేరదని. ‘చెవిటివైనవి’ అని ఉంటే ఈ తేడా పోయేది.

ఇక క్రియలను దగ్గరగా చూడండి. యెషయాలో ‘క్రొవ్వచేసి, మందపరచి, కన్నులు మూయించుము’ అని ప్రవక్తకు ఆజ్ఞ. మూడూ మరొకరిచేత జరిగే పనులు. మత్తయిలో ‘క్రొవ్వినది, మందములైనవి’ అని వాటంతట అవే అయినట్టు చెప్పి, మూడోదానికి వచ్చేసరికి ‘వారు తమ కన్నులు మూసికొనియున్నారు’ అన్నారు. ‘మూయించు’ ఎక్కడ, ‘మూసికొను’ ఎక్కడ! ఆ ‘కొను’ చేరడంతో పని చేసినవారే దాని ఫలితాన్నీ తమ మీదికి తెచ్చుకున్నారని తేలుతుంది. అందుకే ‘వినలేకపోయారు’ ఇక్కడ పనికిరాదు. లేకపోవడం అశక్తత. ఈ వాక్యం చెప్పేది ఇష్టం లేకపోవడం. ‘వినడానికి ఇష్టపడలేదు’, ‘చెవిన పెట్టలేదు’ అనండి.

ఈ ఇష్టం లేకపోవడానికి తెలుగులో అచ్చమైన క్రియ ‘ఒల్లు’. నిర్గమకాండము 32:9లో ‘లోబడనొల్లని ప్రజలు’ అన్నారు. ‘లోబడన్’కు ‘ఒల్లని’ చేరిన రూపమిది; ‘లోబడ – నొల్లని’ అని విరిచి చదవకూడదు. మూలంలో ‘మెడ బిరుసు ప్రజలు’ అని, కాడికి మెడ వంచని ఎద్దును తలపించే మాట ఉంది. దాన్ని మాటకు మాట దించితే మనకు చిక్కు. ‘ఎవరికీ తల వంచనివాడు’ అని తెలుగువాళ్లు మెచ్చుకుంటారు, నిందించరు. కాబట్టి పోలిక వదిలి అర్థాన్ని పట్టుకోవడం మంచి నిర్ణయం. ఉత్తరాంధ్రలో ‘నానొల్ల’ అన్న మాట తెలిసినవారికి ‘ఒల్లని’లోని బిగువు వేరే చెప్పనక్కరలేదు. ‘లోబడలేని ప్రజలు’ అని సులువు చేస్తే మాత్రం తప్పు వారిది కాకుండా పోతుంది.

ఇదే తేడా నిర్గమకాండములోనే ఐగుప్తు రాజు ఫరో కథలోనూ ఉంది. ‘హృదయము కఠినమాయెను’ (7:13) స్థితి. ‘తన హృదయమును కఠినపరచుకొని’ (8:15) ఫరో పని. ‘యెహోవా ఫరో హృదయమును కఠినపరచెను’ (9:12) దేవుని పని. బిగ్గరగా చదివేటప్పుడు ‘కొని’ని మింగేస్తే కర్త మారిపోతాడు.

‘గుండె రాయి చేసుకోకండి’ కుదరదు. ‘గుండె రాయి చేసుకుని కొడుకును సాగనంపింది’ అంటాం. అది దుఃఖాన్ని దిగమింగడం, ఎదిరించడం కాదు. దుఃఖంలో ఉన్నవారు ఆ మాటను ‘ధైర్యం తెచ్చుకోవద్దు’ అన్నట్టుగా వినే ప్రమాదం ఉంది. ‘మనసు మొండి చేసుకోకండి’ లేదా ‘మొండికేయకండి’ నయం.

ఈ వరుసలోనిదే మరొకటి. అపొస్తలుల కార్యములు 7:51లో స్తెఫను తనను విచారిస్తున్న యూదుల సభతో ‘ముష్కరులారా, హృదయములను చెవులను దేవుని వాక్యమునకు లోపరచనొల్లనివారలారా’ అంటాడు. గ్రీకులో ఉన్నది ‘మెడ బిరుసువారలారా, హృదయాలకూ చెవులకూ సున్నతి లేనివారలారా’ అని. అనువాదకులు ‘ముష్కరులు’ను మొండివారు అన్న అర్థంలో వాడారు. నేటి పత్రికల్లో ఆ మాట తుపాకీ పట్టినవారికి స్థిరపడింది. చదివి వినిపించేటప్పుడు ‘అంటే మొండివారలారా’ అని వెంటనే ఒక మాట చేర్చండి.