మేనేజర్ తిట్లు ఎప్పుడు నేరం అవుతాయి?

మిర్యాలగూడ రైస్ మిల్లు ఆఫీసులో మేనేజర్ రోజూ అరుస్తాడు, కేసు పెట్టొచ్చా అని అడిగారు. ఒట్టి అరుపులకు మన దగ్గర ప్రత్యేక చట్టం లేదు. నా దృష్టిలో అది పెద్ద లోటు. కానీ చంపుతానని బెదిరించినా, చెయ్యి చేసుకున్నా నేరమే. ఎస్సీ, ఎస్టీలను ఇతర కులాలవాళ్లు నలుగురిలో కులం పేరుతో దూషిస్తే 1989 అట్రాసిటీ చట్టం వర్తిస్తుంది.

ఆడవాళ్లతో అసభ్యంగా మాట్లాడినా, అలాంటి మెసేజ్‌లు పెట్టినా, పనిచేసే చోట లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 చట్టం ఉంది. 10 మంది, ఆపైన పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువైతే, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే, జిల్లా లోకల్ కమిటీకి ఇవ్వాలి. గడువు 3 నెలలు, తగిన కారణముంటే మరో 3 నెలలు. టెన్షన్‌లో మెసేజ్‌లు డిలీట్ చేయకండి, అవే సాక్ష్యం.