తేదీలో గీత, మెసేజ్‌లో చుక్కలు

ఈసారి సెలవుల్లో హైదరాబాద్ వచ్చేసరికి మా చెల్లెలి కొడుకు అమెరికా ప్రయాణం హడావుడిలో ఉన్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్లింట్లో ఒకవైపు పచ్చళ్ల ప్యాకింగు, ఇంకోవైపు కాగితాల కట్టలు. "మామయ్యా, ఈ మెయిల్ ఒక్కసారి చూడవా" అని ల్యాప్‌టాప్ నా ముందు పెట్టాడు. అక్కడి అపార్ట్‌మెంటు వాళ్లకు రాసిన మెయిల్. ఇంగ్లీషుకు వంక పెట్టడానికి లేదు. ఇంట్లో దిగే తేదీ మాత్రం 07/08 అని వేశాడు.

నాకు పాత దెబ్బ గుర్తొచ్చింది. పద్దెనిమిదేళ్ల కిందట డాలస్ వెళ్తూ, జూన్ 5న దిగుతానని నేనూ ఇలాగే 05/06 అని రాశాను. అమెరికాలో నెల ముందు, రోజు తర్వాత. అద్దె ఆఫీసువాళ్లు మే 6 అని చదువుకున్నారు. లీజులోనూ అదే అంకె కనిపించింది కదా అని సంతకం పెట్టేశాను. గుమ్మం తొక్కని ఇంటికి నెల అద్దె కట్టాను. రోజు 12 దాటితే తప్పు దానంతటదే బయటపడుతుంది, 12 లోపయితేనే ఎవరికీ అనుమానం రాదు. అందుకే నెల పేరు అక్షరాల్లో రాయండి. ఫారంలో గడులుంటే మాత్రం ముందు నెల.

వాడి బ్యాంకు లెటర్‌లో 35,00,000 అని ఉంది. అక్కడివాళ్లకు లక్ష లేదు, మూడేసి అంకెలకో కామా: 3,500,000. మనం చివర వేసే "/-" కూడా వాళ్లకు తెలీదు. చెక్కు మీద యాభై సెంట్లుంటే 50/100 అని రాస్తారు. జర్మనీ వెళ్లేవాళ్లకు ఇంకో తలనొప్పి: అక్కడ 1.500 అంటే పదిహేను వందలు, 1,5 అంటే ఒకటిన్నర!

ఇవన్నీ ఒకసారి దెబ్బతింటే వచ్చేస్తాయి. ఎంతకీ వదలనివి చుక్కలు.

తెలుగులో కామా, ప్రశ్నార్థకం లాంటి గుర్తుల పని చాలావరకు మాటే చేసేస్తుంది. "వచ్చావా" అన్నప్పుడు ప్రశ్న ఆ చివరి దీర్ఘంలోనే ఉంది, పక్కన కొక్కెం ఉన్నా లేకపోయినా ఒకటే. ఎదుటివాడి మాట ఎక్కడ ముగిసిందో "అని" చెప్తుంది. "అమ్మా నాన్నా వచ్చారు" అంటే మధ్యలో కామా అడగదు. దాంతో మనకు గుర్తులంటే కూరమీద కొత్తిమీరే, ఎంత చల్లినా ఏం కాదనుకుంటాం. ఇంగ్లీషు ఆఫీసు చాట్‌లో అలా కుదరదు, గుర్తును బట్టే మన గొంతు ఎలా ఉందో ఊహించుకుంటారు.

కొత్తలో నేను మా మేనేజరుకు "ఓకే..." "ష్యూర్..." అని కొట్టేవాణ్ణి. నా లెక్కలో అది మెత్తగా మాట్లాడటం. ఓరోజు ఆవిడ పక్కకు పిలిచి, ఈ పని నీకు ఇష్టం లేదా అని అడిగింది. ఆ మూడు చుక్కలు ఆవిడకు నిట్టూర్పులా వినిపించాయట. "??" అని రెండు పెడితే నిలదీసినట్టు. అన్నీ పెద్దక్షరాలయితే అరిచినట్టు. "థాంక్యూ!" అని మాత్రం వాళ్లే ధారాళంగా రాస్తారు, ఆ ఆశ్చర్యార్థకం ఒక్కటయితే మీరూ పెట్టొచ్చు.

అంతా విని వాడు 07/08 చెరిపి ఆగస్టు 7 అని మార్చి పంపేశాడు. అయిదు నిమిషాలకు పక్క గదిలోంచే నాకు వాట్సాప్ వచ్చింది: "థాంక్స్ మామయ్యా......"