పాత ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ మార్చొచ్చా?
ఇంటెల్ ఐ3-2310ఎం ప్రాసెసర్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌కి ఇంకా వేగమైన ఐ7 వేయించొచ్చా అని అడిగారు. ప్రాసెసర్ చిప్ సాకెట్‌లో, అంటే ఊడదీయగలిగే గూట్లో, ఉంటే వేయించొచ్చు. 2011 నాటి ‘ఎం’ చిప్‌లు చాలావరకు జీ2 సాకెట్‌వే. పక్కనున్న స్క్రూ సగం తిప్పితే చిప్ చేతికొస్తుంది. పేరు చివర ‘యు’ ఉంటే మాత్రం బోర్డుకి సోల్డరింగ్ చేసేసి ఉంటుంది, ఆశ వదులుకోండి.

నాలుగు కోర్ల (లోపల నాలుగు లెక్కింపు భాగాలున్న) ఐ7 అంటే సాధారణంగా 45 వాట్ల వేడి. మీ చిప్ 35 వాట్లదే, ఫ్యానూ దానికి తగ్గట్టే ఉంటుంది. మన విజయనగరం మే ఎండల్లో ఆ ఐ7 వేడెక్కి తనే వేగం తగ్గించేసుకుంటుంది! 35 వాట్ల ఐ5-2520ఎం నయం. ముందు బయోస్ (ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే నడిచే బోర్డులోని ప్రోగ్రామ్) దాన్ని గుర్తిస్తుందో లేదో చూసుకోండి. చిప్ వేడిని బయటికి లాగే పేస్టు పాతది సుద్దపొడిలా ఎండి ఉంటుంది, అది తుడిచి, కొత్తది బియ్యపుగింజంత పెట్టండి.

నేనైతే ఆ డబ్బుతో గంటస్తంభం దగ్గర ఏ షాపులోనో హార్డ్‌డిస్క్ తీయించి, దానికంటే చాలా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయిస్తాను.