సర్వైలెన్స్ అంటే రహస్యంగా చూడటమేనా? ఆ మాట ఎక్కడిది?

మీరు అడిగింది ఇది: "సర్వైలెన్స్ అనే మాటకు నిఘంటువులో రహస్యంగా కనిపెట్టడం అని అర్థం ఇచ్చారు. కానీ మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర 'ఈ ప్రాంతం సీసీ కెమెరాల నిఘాలో ఉంది' అని పెద్ద బోర్డు పెట్టారు. బోర్డు పెట్టి మరీ చెబుతుంటే ఇక రహస్యం ఏముంది? అసలు ఈ మాట ఎలా పుట్టింది?"

మీ అనుమానం సరైనదే. ఆ మాటలో రహస్యం లేదు, ఉన్నది 'పైనుంచి' అనే భావం. పైవాడు కిందివాణ్ణి మెలకువగా కనిపెట్టి ఉండటం, అంతే. గుట్టుగా చెయ్యడమన్నది తర్వాత పోలీసు వాడకంలో వచ్చి చేరింది, అదీ పూర్తిగా కాదు. నేను ఒక దినపత్రికలో అనువాదాల డెస్కులో చాలా ఏళ్ళు పనిచేశాను కాబట్టి ఈ మాటతో రోజూ పని పడేది. అంతకంటే ముందే అది మా ఇంట్లో ఉంది. మా నాన్న ఉద్యోగం పేరే సర్వైలెన్స్ వర్కర్. పోలీసు శాఖ కాదులెండి, మలేరియా శాఖ. ఆ సంగతి కాస్త తర్వాత చెబుతాను.

ముందు పుట్టుక. మాట ఫ్రెంచిది. 'సుర్' అంటే మీద, పైన. 'వెయే' అంటే నిద్రపోకుండా కనిపెట్టుకుని ఉండటం. ఫ్రెంచివాళ్ళు రోగి పక్కన రాత్రంతా కూర్చోవడానికీ, శవం దగ్గర జాగారం చెయ్యడానికీ ఇదే క్రియ వాడతారు. దాని వెనక లాటిన్ 'విగిల్' ఉంది, మేలుకుని ఉన్న అని అర్థం. క్రీ.శ. 6లో అగస్టస్ చక్రవర్తి రోము నగరానికి ఒక రాత్రి గస్తీ దళాన్ని పెట్టాడు. దాని పేరు విగిలీస్. దొంగల సంగతి చూసుకునేవాళ్ళు గానీ, వాళ్ళ అసలు పని మంటలార్పడం.

ఈ కుటుంబంలో మనకు బాగా తెలిసిన మాటలు ఇంకో రెండున్నాయి. లంచాల కేసులు చూసే విజిలెన్స్ ఒకటి, పరీక్ష హాల్లో మన బెంచీ పక్కనే తచ్చాడే ఇన్విజిలేటర్ రెండోది. కొవ్వొత్తులు పట్టుకుని చేసే క్యాండిల్ లైట్ విజిల్ కూడా ఈ ఇంటిదే. మా డెస్కులో కొత్తగా చేరిన కుర్రాడొకడు దాన్ని ఈల అనుకున్నాడు, తెలుగులో రెండూ ఒకేలా రాస్తాం మరి. ఇన్విజిలేటర్‌ని ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఆయనేమీ దాక్కుని చూడడు. చూస్తున్నాడని మనకు తెలియడమే ఆయన ఉద్యోగం. ఫ్రెంచి బడుల్లో పిల్లల్ని అదుపులో పెట్టే ఉద్యోగిని సుర్వెయాఁ అంటారు, అది నేరుగా సర్వైలెన్స్ చేసేవాడు అన్నమాటే.

చాలామంది దీన్ని సర్వే నుంచి వచ్చిందనుకుంటారు. కాదు. సర్వేలో ఉన్నది 'చూడటం' అనే లాటిన్ ధాతువు, సర్వైలెన్స్‌లో ఉన్నది 'మేలుకోవడం'. రెండిటికీ ఉమ్మడిగా ఉన్నది ముందున్న 'సుర్' మాత్రమే.

ఇంగ్లీషులోకి ఈ మాట 1800 ప్రాంతంలో వచ్చింది. వచ్చిన సందర్భం మంచిది కాదు. 1793 మార్చి 21న ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం ప్రతి కమ్యూన్‌లోనూ, పెద్ద నగరాల్లో అయితే ప్రతి వార్డులోనూ ఒక నిఘా కమిటీ వెయ్యాలని చట్టం చేసింది. ఒక్కో కమిటీలో 12 మంది, అందరూ స్థానికులే. మొదట్లో వాళ్ళకప్పగించింది పరాయి దేశస్థుల పేర్లు రాసుకునే పని. అదే ఏడాది సెప్టెంబరు 17న అనుమానితుల చట్టం వచ్చాక కథ మారిపోయింది. ఎవరు అనుమానితుడో జాబితా రాసేది ఆ కమిటీలే, అరెస్టుకు ఉత్తర్వులిచ్చేదీ అవే. ఫలానా వాడు నిఖార్సైన పౌరుడు అని కాగితం కావాలన్నా వాళ్ళ దయ ఉండాల్సిందే. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఆ కమిటీలో ఎవరున్నారో ఊరంతటికీ తెలుసు. రొట్టెల కొట్టువాడో పక్కింటి చెప్పులు కుట్టేవాడో అయి ఉంటాడు. భయమంతా అక్కడే ఉంది. ఇంగ్లీషువాళ్ళకు సూపర్విజన్, వాచ్ లాంటి మాటలు ఉండనే ఉన్నాయి. అయినా దీన్ని అరువు తెచ్చుకున్నది ఈ వాసనతో సహా. క్రియ మాత్రం తెచ్చుకోలేదు. 'సర్వైల్' అనే క్రియను 20వ శతాబ్దంలో నామవాచకం తోక కత్తిరించి తయారు చేసుకున్నారు.

మన దేశంలో ఈ మాటకు పోలీసు అర్థం ఎంత పకడ్బందీగా రాశారో చూడాలంటే ఖరక్ సింగ్ కేసు చదవాలి. డెస్కులో ఒకసారి ప్రైవసీ మీద వ్యాసం అనువదిస్తూ ఆ తీర్పు తీసి చదివాను. ఆ తర్వాత ఈ మాటను నేను చూసే తీరే మారింది. ఖరక్ సింగ్ ఉత్తరప్రదేశ్ మనిషి. 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకున్నారు, సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేశాక కూడా ఆయన పేరు మీద హిస్టరీ షీట్ తెరిచారు. మన దగ్గర రౌడీ షీట్ అంటామే, ఆ బాపతు. ఇక రాత్రిళ్ళు కానిస్టేబుళ్ళూ చౌకీదార్లూ వచ్చి తలుపు కొట్టడం, కేకలేసి లేపడం, ఊరు దాటితే ఎక్కడికి వెళ్తున్నావో చెప్పి వెళ్ళమనడం.

ఉత్తరప్రదేశ్ పోలీసు నిబంధనల్లో 236వ నంబరు నిబంధన సర్వైలెన్స్ అంటే ఏమిటో ఆరు ముక్కల్లో చెబుతుంది. ఇంటి దగ్గర రహస్యంగా కాపు కాయడం, రాత్రిపూట ఇంటికి వెళ్ళి చూడటం, అలవాట్లూ స్నేహాలూ రాబడీ ఖర్చుల గురించి అప్పుడప్పుడు ఆరా తియ్యడం, రాకపోకల మీద చౌకీదార్లు కబురందించడం, ఆ కబుర్లను స్లిప్పులు పంపి సరిచూసుకోవడం, అన్నీ షీట్‌లో రాసుకోవడం. ఆరింటిలో 'రహస్యంగా' అనే మాట ఉన్నది ఒక్కదానికే. సర్వైలెన్స్ అంటేనే రహస్యమైతే ఆ విశేషణం విడిగా తగిలించాల్సిన పనేముంది? నిబంధన రాసినవాడికి తెలుసు, మిగతావన్నీ బహిరంగంగానే జరుగుతాయని. అర్ధరాత్రి తలుపు బాదడంలో గుట్టేముంది, వీధి వీధంతా లేస్తుంది. ఆ అవమానం కూడా శిక్షలో భాగమే.

1962 డిసెంబరు 18న సుప్రీంకోర్టులో ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. నలుగురు రాత్రిపూట ఇంటికి వెళ్ళడాన్ని మాత్రమే కొట్టేసి మిగతావి ఉంచారు. మన రాజమండ్రి వాడైన కోకా సుబ్బారావు గారు మాత్రం జస్టిస్ షాతో కలిసి, నిబంధన మొత్తం రాజ్యాంగ విరుద్ధమే అన్నారు. మనిషి కదలికల మీద పోలీసు చూపు వెంటాడుతుంటే ఆ కదలికను స్వేచ్ఛ అనలేం అన్నది ఆయన వాదన సారం. అప్పటికి అది ఇద్దరి మాట. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కే అని తేల్చినప్పుడు గెలిచింది ఆ ఇద్దరి మాటే. తెలుగువాళ్ళం ఆయన గురించి ఇంకాస్త ఎక్కువ చెప్పుకోవాలని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఇప్పుడు మా నాన్న సంగతి. జాతీయ మలేరియా నిర్మూలన కార్యక్రమం 1958లో మొదలైంది. దాదాపు 10,000 మంది జనాభాకు ఒక సర్వైలెన్స్ వర్కర్, నలుగురు వర్కర్ల మీద ఒక సర్వైలెన్స్ ఇన్‌స్పెక్టర్. వర్కర్ పదిహేను రోజులకోసారి ప్రతి ఇంటికీ వెళ్ళాలి. ఇంట్లో ఎవరికైనా జ్వరం ఉందా, పోయినసారి వచ్చి వెళ్ళాక ఎవరికైనా వచ్చిందా అని అడగాలి. ఉందంటే వేలి కొసను స్పిరిట్ దూదితో తుడిచి, సూదితో పొడిచి, రెండు బొట్లు గాజు పలక మీద తియ్యాలి. నాన్న రక్తాన్ని ఇంకో పలక అంచుతో పల్చగా లాగి, ఆరాక ఆ పూత మీదే పెన్సిల్‌తో నంబరు గీసేవారు. నంబరు తప్పితే ఎవరి జ్వరం ఎవరికి రాసిపెట్టి ఉందో తెలియదు కాబట్టి ఆ ఒక్క పని మాత్రం ఎవ్వరి చేతికీ ఇచ్చేవారు కాదు. ఫలితం వచ్చేలోపు క్లోరోక్విన్ మాత్రలు ఇచ్చి, ఎదురుగా మింగించి వచ్చేవారు. మాత్ర చేదు కాబట్టి బుగ్గన పెట్టుకుని తర్వాత ఉమ్మేసే పెద్దలు ఉండేవారట, అందుకని ఏదో ఒకటి మాట్లాడిస్తూ నిలబడేవారు.

ప్రతి ఇంటి గోడ మీదా గడులు వేసి ఉండేవి. వెళ్ళినప్పుడల్లా అందులో తేదీ వేసి పొట్టి సంతకం పెట్టాలి. జనం అది తమ ఇంటి లెక్క అనుకునేవారు. నిజానికి అది నాన్న లెక్క. ఇన్‌స్పెక్టర్ ఎప్పుడో వచ్చి ఆ గడులు చూసి, తేదీ ఖాళీగా ఉంటే ఆయన్ని అడిగేవాడు. చూసేవాణ్ణి చూసే ఏర్పాటు అన్నమాట.

అమెరికాలో అలెగ్జాండర్ లాంగ్మ్యూర్ అనే వైద్యుడు 1950ల్లో సర్వైలెన్స్ అనే మాటను మనుషుల మీంచి జబ్బుల మీదికి మళ్ళించాడు. అంతకు ముందు ఆరోగ్య శాఖల్లో కూడా ఆ మాటకు అర్థం, రోగితో తిరిగిన మనిషిని జబ్బు బయటపడుతుందేమోనని కనిపెట్టి ఉండటమే. లెక్కలు ఆపకుండా సేకరించడం, విశ్లేషించడం, ఆ ఫలితాన్ని తెలియాల్సినవాళ్ళకు వెంటనే పంపడం అని ఆయన కొత్త అర్థం ఇచ్చాడు. 1968లో ప్రపంచ ఆరోగ్య సభ కూడా ఆ అర్థం మీదే చర్చించింది. మన దేశంలో మశూచి పోవడానికి కూడా టీకాలు ఒక్కటే చాలలేదు. ఇల్లిల్లూ వెతికి, కేసు దొరికిన చోట చుట్టూ టీకాలు వేసే సర్వైలెన్స్ పద్ధతి పనిచేసింది. మలేరియాలో దీనికి వ్యతిరేకంగా జరిగింది. 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి, ఇక అయిపోయిందనుకుని పట్టు సడలింది. దోమలు మందుకు లొంగకపోవడం, డీడీటీ అందకపోవడం కూడా తోడయ్యాయి. 1976లో కేసులు 64.7 లక్షలు. గోడ మీద గడులు ఖాళీగా ఉంటే ఏమవుతుందో ఆ అంకె చెబుతుంది.

అందుకే నాకు సర్వైలెన్స్ అనగానే చెడ్డమాట అని తోచదు, మంచిమాట అనీ తోచదు. ఎవరు చూస్తున్నారు, ఏం రాసుకుంటున్నారు, ఆ కాగితం ఎవరి దగ్గరికి వెళ్తుంది అని అడగాలనిపిస్తుంది. ఫోన్లు వినడం మాత్రం నిజంగానే గుట్టుగా సాగే పని, చెప్పి వింటే ఎవడు మాట్లాడతాడు? దానికి ఆధారంగా 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టాన్నే వాడుకుంటూ వచ్చారు. ఇష్టారాజ్యంగా వినకూడదని సుప్రీంకోర్టు 1996లో హద్దులు పెట్టింది. ఈ కబుర్లు పేపర్లలో పెరిగేకొద్దీ సర్వైలెన్స్ అంటే రహస్యమే అనే భావన గట్టిపడింది. మీ నిఘంటువు రాసినాయన కూడా ఆ ప్రవాహంలోనే ఉన్నాడు.

దాక్కుని చూడటం, వినడం అనే అర్థం కావాలంటే ఇంగ్లీషులో వేరే మాటలున్నాయి. 'స్పై' మనకు దూరపు చుట్టమే. సంస్కృతంలో గూఢచారిని స్పశుడు అంటారు, అమరకోశంలో ఉంది. రెండిటిదీ 'చూడటం' అనే ఒకే పాత ధాతువు. 'ఈవ్స్‌డ్రాపింగ్' అయితే ఇంకా బాగుంటుంది. చూరు నీళ్ళు పడే చోట గోడకు ఆనుకుని నిలబడి లోపలి మాటలు వినడం అని దాని మూలం.

ఇక తెలుగులో ఏం రాయాలి? నిఘా అనేది ఉర్దూ నుంచి వచ్చింది, అక్కడ 'నిగాహ్' అంటే ఉత్త చూపు. పత్రికల్లో మేం నిఘా వర్గాలు, నిఘా నేత్రాలు అని రాసీ రాసీ దానికి పోలీసు రంగు పులిమాం. 2020లో కరోనా రోజుల్లో ఆరోగ్య శాఖ బులెటిన్లలో విదేశాల నుంచి వచ్చినవాళ్ళు 'అండర్ సర్వైలెన్స్' అని ఉండేది. డెస్కులో ఒకాయన 'నిఘాలో' అని దించారు. మర్నాడు ఒక పెద్దాయన ఫోన్ చేసి, "మా మనవడు దుబాయి నుంచి వచ్చి గదిలో పడుకున్నాడు, దొంగతనం చేసి రాలేదండీ" అని కడిగేశారు. ఆ రోజు నుంచి 'వైద్యుల పరిశీలనలో' అని రాశాం.

కాబట్టి నా అలవాటు ఇది. పోలీసు, కెమెరా, సరిహద్దు సంగతులైతే నిఘా. రోగి విషయంలో పరిశీలన. జబ్బు లెక్కల విషయంలో వ్యాధి నిఘా అని ప్రభుత్వం వాడుతోంది, జనానికీ అలవాటవుతోంది, ఉండనివ్వండి. దొంగచాటుగా చూడటం అని చెప్పదలుచుకుంటే మాత్రం నిఘా ముందు 'రహస్య' అని ఇంకో మాట వేసుకోండి. ఉత్తరప్రదేశ్ పోలీసులే వేసుకున్నారు కదా.